బ్యాంకుకూ యాప్‌కూ మధ్య జారిపోయే బాధ్యత: ఫిన్‌టెక్ నియంత్రణపై పరిశోధనాంశాన్ని ఎలా కుదించుకోవాలి?

చట్టరేఖ (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. ఆర్థిక సేవల సాంకేతికతను, అంటే మనమంతా ఫిన్‌టెక్ అని పిలుస్తున్న రంగాన్ని, చట్టం ఎలా నియంత్రించాలన్నది నా పీహెచ్‌డీ పరిశోధనాంశం. నేను సమర్పించిన ప్రతిపాదనను నా పర్యవేక్షకులు చదివి, ఇందులో రంగం కనిపిస్తోంది గాని ప్రశ్న కనిపించడం లేదని తిప్పి పంపారు. ఈ వేదికలో న్యాయశాస్త్రం బోధించేవారు, బ్యాంకుల లెక్కలు తనిఖీ చేసినవారు, ప్రోగ్రాములు రాసేవారు ఉన్నారు కాబట్టి ప్రశ్నను పదును పెట్టుకోవడానికి మీ సాయం కోరుతున్నాను.

ప్రస్తుతం నా ముందు రెండు నమూనాలు ఉన్నాయి. మొదటిది సంస్థను బట్టి నియంత్రించడం: బ్యాంకుకు లైసెన్సు ఇచ్చి, మూలధనం మొదలుకొని పాలకవర్గం దాకా మొత్తం సంస్థను పర్యవేక్షణ కిందికి తెస్తారు. రెండవది పనిని బట్టి నియంత్రించడం: ఎవరు చేసినా సరే, చెల్లింపు అయితే చెల్లింపుల నిబంధనలు, అప్పు అయితే అప్పు నిబంధనలు వర్తిస్తాయి. ఒకే పనికి, ఒకే ప్రమాదానికి ఒకే నియంత్రణ ఉండాలన్న సూత్రాన్ని వివిధ దేశాల ఆర్థిక నియంత్రణ సంస్థలను సమన్వయపరిచే ఆర్థిక స్థిరత్వ మండలి 2023లో క్రిప్టో ఆస్తులపై ఇచ్చిన సిఫారసులకు పునాదిగా పెట్టుకుంది. ఈ రెండింటిలో ఏది మేలో తేల్చడం పరిశోధనకు సరిపోతుందా? సరిపోతే ఏయే ఉదంతాలను తీసుకోవాలి?

గురుత్వం

చట్టరేఖ గారూ, మీ ప్రతిపాదన పూర్తిపాఠం నేను చూడలేదు. అయినా ఈ రంగంలో నా దగ్గరికి వచ్చే ప్రతిపాదనల్లో ఎక్కువ భాగం సాంకేతికత పరుగెడుతోందనీ, చట్టం వెనుకబడిందనీ మొదలవుతాయి. మీదీ అలాగే మొదలైతే ఆ పేరా ముందు తీసేయండి. చట్టం లేకపోవడం వల్ల నష్టం జరిగిన ఉదంతాలకన్నా, చట్టం ఉండి కూడా అది ఎవరికి వర్తిస్తుందో తేలక నష్టం జరిగిన ఉదంతాలే ఎక్కువ.

జర్మనీలోని వైర్‌కార్డ్ అనే చెల్లింపుల సంస్థనే తీసుకోండి. 2020 జూన్‌లో ఆ సంస్థ దివాలా పిటిషను వేసింది. ఖాతాల్లో ఉన్నట్టు చూపిన 190 కోట్ల యూరోలు అసలు లేవని అంతకు కొద్ది రోజుల ముందు బయటపడింది. అప్పటికి ఐరోపాలో చెల్లింపుల చట్టాలు, బ్యాంకింగ్ చట్టాలు, ఆడిటింగ్ చట్టాలు అన్నీ ఉన్నాయి. లోపం వేరేచోట ఉంది. ఆ సమూహంలోని బ్యాంకు మాత్రమే బ్యాంకుగా పర్యవేక్షణలో ఉండగా, మాతృసంస్థను ఆర్థిక హోల్డింగ్ సంస్థగా కాక సాంకేతిక సంస్థగా వర్గీకరించారు. అందువల్ల మొత్తం సమూహం లెక్కలను ఒకచోట పెట్టి చూడవలసిన బాధ్యత ఏ ఒక్క పర్యవేక్షకుడి మెడకూ చుట్టుకోలేదు. పైగా 2019 ఫిబ్రవరిలో, ఆ షేర్లు పడిపోతాయని పందెం కాసేవారిని రెండు నెలలపాటు నిషేధించినది కూడా ఆ దేశపు నియంత్రణ సంస్థే.

కాబట్టి సంస్థను బట్టా, పనిని బట్టా అన్న ప్రశ్న కన్నా, ఒక సేవను ఇద్దరు ముగ్గురు కలిసి అందించేటప్పుడు వారి మధ్య ఉన్న అతుకు దగ్గర బాధ్యత ఎవరిదని చట్టం చెబుతోంది అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

పాత ఆడిటరు

గురుత్వం గారు అతుకు అన్నారు గనుక, ఆ అతుకు ఊడిపోతే ఎలా ఉంటుందో చూపే ఉదంతం ఒకటి చెబుతాను. నా దృష్టిలో గత కొన్నేళ్లలో ఈ రంగంలో చదవవలసిన దివాలా కేసు ఇదే.

అమెరికాలో సినాప్స్ అనే మధ్యవర్తి సంస్థ ఉండేది. అది బ్యాంకు కాదు, ఖాతాదారులకు నేరుగా కనిపించే యాప్ కూడా కాదు. యాప్‌లకు బ్యాంకు సేవలు అందేలా మధ్యలో నిలబడి, ఏ యాప్ వినియోగదారుడి సొమ్ము ఏ బ్యాంకులో ఎంత ఉందో లెక్క రాసే సంస్థ అది. బ్యాంకు పుస్తకాల్లో చాలామంది సొమ్ము కలిసిన ఉమ్మడి ఖాతా కనిపిస్తుంది. అందులో ఎవరి వాటా ఎంతో చెప్పే ఆవర్జా, అంటే ఖాతాల లెక్కల పుస్తకం, మాత్రం మధ్యవర్తి దగ్గర ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో సినాప్స్ దివాలా రక్షణ కోరింది. మే నెలలో, లక్షకు పైగా జనానికి తమ సొమ్ము తమకే అందకుండా పోయింది. బ్యాంకుల దగ్గర ఉన్న మొత్తానికీ, వినియోగదారులకు రావలసిన మొత్తానికీ మధ్య 6.5 కోట్ల నుంచి 9.6 కోట్ల డాలర్ల దాకా తేడా ఉందని కోర్టు నియమించిన ధర్మకర్త నివేదించారు. తేడా ఎంతో ఒక్క అంకెలో చెప్పలేకపోవడమే ఆ కేసు సారాంశం.

ఆ యాప్‌ల వినియోగదారుల్లో చాలామంది తమ సొమ్ముకు ప్రభుత్వ డిపాజిట్ బీమా ఉందని నమ్మారు. అలా నమ్మేలా ప్రకటనలు కూడా ఉండేవి. అయితే ఆ బీమా బ్యాంకు మునిగితే వర్తిస్తుంది. ఇక్కడ ఏ బ్యాంకూ మునగలేదు, మధ్యవర్తి మునిగాడు. చట్టం అక్షరం ప్రకారం బీమా సంస్థ చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ తరవాత, 2024 సెప్టెంబరులో, ఇలాంటి ఉమ్మడి ఖాతాల్లో అసలు యజమానులెవరో బ్యాంకులే రోజువారీ సరిచూసుకోవాలనే ముసాయిదాను ఆ బీమా సంస్థ ప్రతిపాదించింది.

లెక్కల తనిఖీ చేసినవాడిగా నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. రెండు పుస్తకాలను ప్రతి సాయంత్రం సరిపోల్చే మనిషి ఎవరో ఒప్పందంలో రాయకపోతే, ఇద్దరిలో ప్రతి ఒక్కరూ ఆ పని రెండోవారు చేస్తున్నారనే అనుకుంటారు. కంప్యూటర్లు రాకముందు కూడా ఇదే జరిగేది.

వాదప్రియ

నేను కొంచెం అడ్డం తిరగదలచుకున్నాను. ఇలాంటి చర్చల్లో ఎప్పుడూ కూలిపోయినవాటినే ఏరి చూపుతారు. కెన్యాలో ఎం-పెసా అనే, ఫోను ద్వారా సొమ్ము పంపే సేవ 2007 మార్చిలో మొదలైనప్పుడు దానికి సరిపోయే చట్టమే లేదు. దాన్ని నడిపిన సఫారీకామ్ ఫోను సంస్థ, బ్యాంకు కాదు. ఆ దేశపు కేంద్ర బ్యాంకు అభ్యంతరం లేదని ఒక లేఖ ఇచ్చి ముందుకు సాగనిచ్చింది. జాతీయ చెల్లింపుల వ్యవస్థ చట్టం 2011లో వచ్చింది, దాని కింద నిబంధనలు 2014లో వచ్చాయి. ముందే బాధ్యతలన్నీ తేల్చాలని పట్టుబట్టి ఉంటే, బ్యాంకు ముఖం చూడని లక్షలాది మందికి ఆ సేవ అందేదే కాదు.

అలాగే బ్రిటన్ ఆర్థిక ప్రవర్తనా సంస్థ 2016లో ప్రారంభించిన శాండ్‌బాక్స్ పద్ధతిని గమనించండి. పరిమిత సంఖ్యలో వినియోగదారులతో, పరిమిత కాలంపాటు, నియంత్రణ సంస్థ కళ్లెదుట కొత్త సేవను పరీక్షించుకోనిస్తారు. సింగపూర్ అదే ఏడాది, భారత రిజర్వు బ్యాంకు 2019లో తమ తమ రూపాల్లో ఆ పద్ధతిని చేపట్టాయి. పరిశోధన చేయవలసింది, నేర్చుకుంటూ నియంత్రించే ఇలాంటి పద్ధతుల మీద అని నేనంటాను.

మూడో సాక్షి

వృత్తిరీత్యా న్యాయవాదిని. వాదప్రియ గారి ఉదాహరణ బాగుంది, అయితే అది గురుత్వం గారి వాదాన్ని కూల్చడం లేదు, బలపరుస్తోంది.

ఎం-పెసాకు ప్రత్యేక చట్టం లేకపోయింది గాని, బాధ్యత ఎక్కడుందో మొదటి నుంచీ స్పష్టంగా ఉంది. వినియోగదారులు జమ చేసిన సొమ్మంతా సఫారీకామ్ ఆస్తుల్లో కలవకుండా, ట్రస్టు పేరిట వాణిజ్య బ్యాంకుల్లో ఉంచారు. ఫోనులో కనిపించే ప్రతి షిల్లింగుకూ ఎదురుగా బ్యాంకులో షిల్లింగు ఉండాలి. ఆ సొమ్మును ఫోను సంస్థ అప్పులివ్వడానికి వాడుకోకూడదు. రేపు ఆ సంస్థే దివాలా తీసినా దాని అప్పులవాళ్లు ట్రస్టు సొమ్ము మీద చెయ్యి వేయడానికి వీలుండదు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేకపోయింది, శతాబ్దాల నాటి ట్రస్టు న్యాయసూత్రం సరిపోయింది.

సినాప్స్ ఉదంతంలో పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. నిబంధనలు కుప్పలుగా ఉన్నాయి, సొమ్ము ఎవరిదో చెప్పే ఆవర్జా మాత్రం నమ్మదగిన చోట లేదు. ఈ రెండు ఉదంతాలను పక్కపక్కన పెడితే, కొత్త చట్టం ఎంత త్వరగా వచ్చిందన్న కొలత ఎందుకు పనికిరాదో ఎవరికైనా అర్థమవుతుంది.

వాదప్రియ

ఎం-పెసా మీద మీ వివరణ ఒప్పుకుంటాను. శాండ్‌బాక్స్ గురించి ఎవరూ బదులివ్వలేదు.

గురుత్వం

బదులిస్తాను. శాండ్‌బాక్స్‌లపై జరిగిన అనుభవాధార పరిశోధన తక్కువే గాని కొంత ఉంది. బాసెల్‌లోని అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు 2020లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, బ్రిటన్ శాండ్‌బాక్స్‌లోకి ప్రవేశించిన సంస్థలు ఆ తరవాత సేకరించిన పెట్టుబడి దాదాపు 15 శాతం పెరిగింది. సంస్థలు విడతలవారీగా ప్రవేశించాయి గనుక, ముందు చేరినవాటిని తరవాత చేరినవాటితో పోల్చే వీలు పరిశోధకులకు దొరికింది. అది మంచి అధ్యయనమే.

అయితే అది కొలిచినది ఏమిటో చూడండి: పెట్టుబడి. నియంత్రణ సంస్థ ముద్ర పడినందువల్ల పెట్టుబడిదారుల నమ్మకం పెరిగిందని అది చెబుతుంది. వినియోగదారుడికి మేలు జరిగిందా, నియంత్రణ సంస్థ తాను నేర్చుకున్నది నిబంధనల్లో పెట్టిందా అన్న ప్రశ్నలు దాని పరిధిలో లేవు. న్యాయశాస్త్ర పరిశోధకురాలికి అవే ప్రశ్నలు ముఖ్యం. అంతేకాక శాండ్‌బాక్స్‌లోకి వచ్చేవారు తామంతట తాము తలుపు తట్టి వచ్చినవారు. వైర్‌కార్డ్ లాంటిది ఎన్నడూ ఆ తలుపు తట్టదు.

శాండ్‌బాక్స్‌ను ఒక అధ్యాయంగా పెట్టుకోవచ్చు, మొత్తం గ్రంథంగా పెట్టుకోకండి. దాని మీద ఇప్పటికే గంపెడు వ్యాసాలు వచ్చాయి, వాటిలో సగం ఒకదానిలోంచి ఒకటి పుట్టినవే.

అర్ధవిరామం

నేను ప్రోగ్రాములు రాసేవాణ్ని, న్యాయశాస్త్రం తెలియదు. ఒక సందేహం. మీరంతా సొమ్ము లెక్క గురించి మాట్లాడుతున్నారు. మరి నిర్ణయం సంగతేమిటి? మనిషి ప్రమేయం లేకుండా ప్రోగ్రామే ఒప్పందం కుదుర్చుకుంటే, ఆ ఒప్పందంలో పొరపాటు ఉంటే, ఎవరి మనసులో ఏముందని కోర్టు చూస్తుంది?

మూడో సాక్షి

మీ సందేహం సరిగ్గా సింగపూర్ అప్పీలు న్యాయస్థానం ముందుకే వచ్చింది. క్వాయిన్ అనే క్రిప్టో మారక వేదికకూ, బి2సి2 అనే వ్యాపార సంస్థకూ మధ్య నడిచిన కేసులో 2020లో తీర్పు వచ్చింది. 2017 ఏప్రిల్‌లో వేదిక వ్యవస్థలో జరిగిన ఒక లోపం వల్ల బయటి ధరలు అందడం ఆగిపోయి, కొనేవారూ అమ్మేవారూ పలచబడ్డారు. బి2సి2 తన ప్రోగ్రాములో, మార్కెట్ ధర అందని పరిస్థితి వస్తే వాడటానికని ఒక ఈథర్‌కు (అదీ బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో నాణెమే) 10 బిట్‌కాయిన్లన్న ధర ముందే రాసి పెట్టుకుంది. అది అప్పటి మార్కెట్ ధరకు దాదాపు 250 రెట్లు. రెండు వైపులా యంత్రాలే ఉన్నాయి గనుక ఆ ధరకే లావాదేవీలు జరిగిపోయాయి. మరునాడు వేదిక వాటిని ఏకపక్షంగా రద్దు చేసింది.

జరిగిన లావాదేవీని వెనక్కి తిప్పడానికి లేదని వేదిక నిబంధనల్లోనే ఉండటంతో, రద్దు చేయడం ఒప్పంద ఉల్లంఘన అని న్యాయస్థానం తేల్చింది. అవతలి పక్షం పొరపాటు పడుతోందని బి2సి2కి తెలుసా అన్న ప్రశ్నకు సమాధానం కోసం ప్రోగ్రాము రాసిన మనిషి వైపు చూసింది. రాసిన నాటి నుంచి ఒప్పందం కుదిరిన క్షణం దాకా ఆ మనిషికి ఏమి తెలుసు, అతను ఏమి ఊహించాడు అన్నదే ప్రమాణమని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. ఒక న్యాయమూర్తి విభేదించారు. ఆ భిన్నాభిప్రాయం తప్పక చదవవలసినది, ఎందుకంటే యంత్రం చేసిన పని మామూలు వ్యాపారి ఎవరైనా చూస్తే పొరపాటని వెంటనే గుర్తించేదే గదా అన్న వాదానికి అందులో చోటు దొరికింది.

అర్ధవిరామం

ధన్యవాదాలండీ. మా వృత్తిలో అలాంటి ఆపద్ధర్మపు విలువలు రాసేటప్పుడు ఎవరూ అంత ఆలోచించరని మాత్రం నిజాయితీగా చెప్పగలను. వాటిని రాసిన మనిషి సంస్థ వదిలి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. అతని మనసులో ఏముందో కోర్టుకు ఎవరు చెబుతారు?

చట్టరేఖ

ఇప్పటిదాకా వచ్చిన బదుళ్లు నాకు చాలా దారి చూపాయి. గురుత్వం గారు చెప్పిన అతుకుల కోణంలోంచి చూస్తే నాకు మూడు చోట్లు కనిపిస్తున్నాయి. సొమ్ము ఎవరిదో చెప్పే ఆవర్జా ఎవరి దగ్గర ఉంది అన్నది ఒకటి. అప్పు తిరిగి రాకపోతే నష్టం ఎవరు మోస్తారన్నది ఇంకొకటి. అప్పు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయానికి ఎవరు జవాబుదారీ అన్నది మరొకటి. మొదటిదానికి సినాప్స్, ఎం-పెసా ఉదంతాలు దొరికాయి. రెండోదానిలో, అంటే బ్యాంకు సొమ్మును యాప్ అప్పుగా ఇప్పించే ఏర్పాటులో, పోల్చదగిన ఉదంతాలు ఏవి?

పాత ఆడిటరు

దీనికి నా దగ్గర మీకు నచ్చే జంట ఒకటి ఉంది: చైనా, భారత్.

చైనాలో చెల్లింపుల, రుణాల యాప్ నడిపే యాంట్ గ్రూప్ షేర్ల విడుదలను 2020 నవంబరు 3న, మార్కెట్లో నమోదు కావడానికి రెండు రోజుల ముందు, ఆపేశారు. ఆ సంస్థ తన పత్రాల్లోనే ప్రకటించిన లెక్క ప్రకారం, ఆ ఏడాది జూన్ చివరికి దాని వేదిక ద్వారా ఇచ్చిన అప్పుల్లో దాదాపు 98 శాతం భాగస్వామ్య బ్యాంకులు, ఇతర ఆర్థిక సంస్థలు ఇచ్చినవి, లేదా సెక్యూరిటీలుగా, అంటే పెట్టుబడి పత్రాలుగా, మార్చి అమ్మేసినవి. అంటే అప్పు ఎవరికివ్వాలో ఎంచేది వేదిక, రుసుము తీసుకునేది వేదిక, నష్టం మోసేది మాత్రం బ్యాంకు. షేర్ల విడుదల ఆగడానికి ముందురోజు చైనా నియంత్రణ సంస్థలు ఒక ముసాయిదా విడుదల చేశాయి. ఉమ్మడిగా ఇచ్చే అప్పుల్లో ఆన్‌లైన్ సూక్ష్మరుణ సంస్థ కనీసం 30 శాతం తన సొంత సొమ్ము పెట్టాలని అందులో ఉంది.

ఇక భారత్‌కు వస్తే, రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పు సొమ్ము రుణదాత ఖాతా నుంచి రుణగ్రహీత ఖాతాకు నేరుగా వెళ్లాలి, తిరిగి చెల్లింపు కూడా అలాగే నేరుగా రావాలి, మధ్యవర్తి ఖాతాలో ఆగకూడదు. ఆ తరవాత 2023 జూన్‌లో, యాప్ నడిపే సంస్థ బ్యాంకుకు ఇచ్చే నష్టపూచీని అనుమతిస్తూనే, అది మొత్తం రుణాల్లో 5 శాతం మించకూడదని పరిమితి పెట్టింది.

ఇప్పుడు రెండింటినీ కలిపి చూడండి. చైనా, నువ్వు కనీసం ఇంత నష్టం మోయాలి అంటోంది. భారత్, నువ్వు ఇంతకు మించి నష్టం మోయకూడదు అంటోంది. మొదటిసారి ఈ రెండు నిబంధనలను ఒకేచోట చూసినవారెవరికైనా ఇద్దరిలో ఒకరు తప్పు చేస్తున్నారనిపిస్తుంది.

మూడో సాక్షి

ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదని నా వాదన. చైనా నిబంధన వర్తించేది లైసెన్సు ఉన్న సూక్ష్మరుణ సంస్థకు. దానికి మూలధనం ఉంది, పర్యవేక్షణ ఉంది. అలాంటి సంస్థ నష్టం మోయకుండా రుసుము మాత్రం మూటగట్టుకుంటే, అప్పు మంచిదా చెడ్డదా అని చూసే శ్రద్ధ దానికి ఉండదు. అందుకని కింది హద్దు పెట్టారు. భారత్‌లో నష్టపూచీ ఇచ్చే రుణసేవల సంస్థకు చాలా సందర్భాల్లో అప్పులిచ్చే లైసెన్సే ఉండదు. అలాంటి సంస్థ మొత్తం నష్టాన్ని తానే భరిస్తానని బ్యాంకుకు రాసిస్తే, కాగితం మీద అప్పు బ్యాంకుది, నిజానికి ఆ అప్పు లైసెన్సు లేని సంస్థది. ఆ పూచీ నిలబడటానికి కావలసిన మూలధనం కూడా ఎవరూ తనిఖీ చేసి ఉండరు. అందుకని పై హద్దు పెట్టారు.

రెండు నిబంధనల వెనుక ఉన్నది ఒకటే ఆందోళన: నష్టం మోసేవాడూ, నిర్ణయం తీసుకునేవాడూ, పర్యవేక్షణలో ఉన్నవాడూ వేర్వేరు మనుషులు కాకూడదు. నిబంధన వర్తించే సంస్థ స్వభావం వేరు కాబట్టి అంకె వేరైంది.

గురుత్వం

చట్టరేఖ గారూ, తులనాత్మక అధ్యాయం దొరికినట్టే. ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. చైనాది ఆ రోజున ముసాయిదా, భారత్‌ది అమల్లోకి వచ్చిన నిబంధన. రెండింటినీ ఒకే బరువుతో తూచకూడదు. పైగా చైనా ఆ ముసాయిదాకు ఒంటరిగా రాలేదు, దాని వెనుక వ్యక్తుల మధ్య రుణాల వేదికల అనుభవం ఉంది. ఇజుబావ్ అనే వేదిక ఒక్కటే దాదాపు 9 లక్షల మంది నుంచి 5,000 కోట్ల యువాన్ల దాకా సేకరించి కుప్పకూలింది, ఆ మోసం 2016 ఆరంభంలో బయటపడింది. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన నిబంధనలు వేదికలు సొమ్ము పోగుచేయకూడదనీ, అసలుకు హామీ ఇవ్వకూడదనీ, కేవలం సమాచార మధ్యవర్తులుగా ఉండాలనీ చెప్పాయి. ఒకప్పుడు వేల సంఖ్యలో ఉన్న ఆ వేదికలు 2020 నవంబరు నాటికి ఒక్కటి కూడా మిగలలేదని అక్కడి నియంత్రణ సంస్థ ప్రకటించింది.

ఆ అనుభవంలో ఒక చిక్కు ఉంది, దాన్ని మీరు వదలకూడదు. హామీ ఇవ్వకూడదన్న నిబంధన కాగితం మీద సరైనదే. అయితే అంతవరకు వేదిక హామీని నమ్మి సొమ్ము పెట్టినవారికి అప్పు నాణ్యతను తూచే శక్తి లేదు. బాధ్యతను వేదిక మీద నుంచి తీసి, మోయలేనివారి నెత్తిన పెట్టినట్టయింది. నష్టాన్ని మోయగలిగే శక్తి ఎవరికుందన్నది మీ రెండో అతుకులో భాగం కావాలి.

వాదప్రియ

ఇంత చెప్పాక నేను కూడా ఒక ఉదంతం ఇస్తాను, చర్చకు అడ్డం పడుతూనే ఉంటే బాగుండదు. మూడో అతుకు, అంటే నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నపై, ఐరోపా న్యాయస్థానం 2023 డిసెంబరు 7న ఇచ్చిన షూఫా తీర్పు చూడండి. జర్మనీలో షూఫా అనే సంస్థ ప్రజల రుణార్హతకు మార్కులు వేస్తుంది, బ్యాంకులు ఆ మార్కు చూసి అప్పు ఇస్తాయి లేదా నిరాకరిస్తాయి. మేం మార్కు మాత్రమే వేశాం, నిర్ణయం బ్యాంకుదని షూఫా వైపు వాదన. ఇటు బ్యాంకును అడిగితే ఆ మార్కు ఎలా వచ్చిందో బ్యాంకుకే తెలియదు. బ్యాంకు ఆ మార్కు మీదే బలంగా ఆధారపడుతుంటే, మార్కు వేయడమే స్వయంచాలిత నిర్ణయం అవుతుందని న్యాయస్థానం చెప్పింది. వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధనల్లోని 22వ అధికరణం అప్పుడు మార్కు వేసినవారికే వర్తిస్తుంది.

ఇది ఆర్థిక నియంత్రణ చట్టం కిందిది కాదు, సమాచార రక్షణ చట్టం కిందిది. అందుకే ఫిన్‌టెక్ మీద రాసేవారిలో చాలామంది దీని వైపు చూడరు.

మూడో సాక్షి

చక్కని ఎంపిక. దీనికి పక్కన అమెరికా సమాన రుణావకాశాల చట్టాన్ని పెట్టండి. 1974 నాటి ఆ చట్టం ప్రకారం అప్పు నిరాకరిస్తే కారణాలు చెప్పాలి. వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2022లో ఇచ్చిన సర్క్యులరులో, మా నమూనా సంక్లిష్టమైనది గనుక కారణం చెప్పలేమన్నది జవాబు కాదని తేల్చి చెప్పింది. అమెరికా బాధ్యతను అప్పు ఇచ్చేవాడి దగ్గరే ఉంచింది, ఐరోపా దాన్ని మార్కు వేసేవాడి దాకా సాగదీసింది. రెండు పద్ధతుల మధ్య ఎంపికకు కారణాలు వెతకడం మంచి పరిశోధన.

అర్ధవిరామం

మరి అసలు ఏ సంస్థా లేనిచోట ఏమవుతుంది? కొన్ని స్మార్ట్ కాంట్రాక్టులను, అంటే షరతులు తీరగానే తమంతట తామే అమలయ్యే ప్రోగ్రాములను, ఒకసారి నెట్‌వర్కులో పెట్టాక వాటిని రాసినవారు కూడా మార్చలేరు. అక్కడ అతుకు కూడా లేదు కదా?

మూడో సాక్షి

క్రిప్టో సొమ్ము ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో తెలియకుండా కలిపేసే టోర్నడో క్యాష్ అనే ప్రోగ్రాము ఉదంతం సరిగ్గా అక్కడికే వచ్చింది. అమెరికా ఖజానా శాఖ 2022 ఆగస్టులో దాన్ని ఆంక్షల జాబితాలో చేర్చింది. మార్చడానికి వీలులేని స్మార్ట్ కాంట్రాక్టు ఎవరి ఆస్తీ కాదు గనుక ఆ ఆంక్షల చట్టం దానికి వర్తించదని అయిదో సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం 2024 నవంబరులో తీర్పు ఇచ్చింది. మరోవైపు నెదర్లాండ్స్‌లో, దాన్ని రాసినవారిలో ఒకరికి 2024 మేలో మనీలాండరింగ్ నేరం కింద కింది కోర్టు శిక్ష వేసింది. ఒకచోట వస్తువు మీద చెయ్యి వేయడానికి చట్టం ఒప్పుకోలేదు, ఇంకోచోట మనిషి మీద వేసింది.

గురుత్వం

చట్టరేఖ గారు దీన్ని పరిధి బయట ఉంచాలని నా సలహా. ఆసక్తికరమైనదే, కాని దీన్ని చేర్చితే గ్రంథం నేర బాధ్యత వైపు, వాక్‌స్వాతంత్ర్యం వైపు వెళ్లిపోతుంది. పరిధిని నిర్వచించే పేరాలో ఎందుకు వదిలేశారో రెండు వాక్యాల్లో రాయండి, చాలు. స్టేబుల్‌కాయిన్లకు, అంటే డాలరు లాంటి కరెన్సీకి సమానంగా ధర నిలిపేలా రూపొందించిన క్రిప్టో నాణేలకు, మాత్రం మొదటి అతుకులో చోటు ఇవ్వవచ్చు. అవి జారీ చేసే సంస్థలు ఉన్నాయి, నిల్వలు ఉన్నాయి, ఆ నిల్వలు ఎక్కడున్నాయన్న ప్రశ్న ఉంది. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడినప్పుడు యుఎస్‌డిసి అనే స్టేబుల్‌కాయిన్ నిల్వల్లో 330 కోట్ల డాలర్లు ఆ బ్యాంకులోనే ఉండటంతో, ఒక డాలరు ఉండవలసిన ఆ నాణెం ధర 90 సెంట్ల కిందికి పడింది. ఐరోపా క్రిప్టో ఆస్తుల నిబంధన స్టేబుల్‌కాయిన్లకు 2024 జూన్ 30 నుంచి వర్తిస్తోంది, అమెరికా చట్టం 2025 జులైలో వచ్చింది. ఈ రెండింటిలోనూ నిల్వలకు సంబంధించిన భాగం చదవండి, మిగతాది ఇప్పుడు అక్కర్లేదు.

చట్టరేఖ

అందరికీ కృతజ్ఞతలు. ప్రశ్నను ఇలా రాసుకున్నాను: ఒక ఆర్థిక సేవను లైసెన్సు ఉన్న సంస్థా, లేని సంస్థా పంచుకుని అందించినప్పుడు, ఆవర్జా, నష్టం, నిర్ణయం అనే మూడింటి బాధ్యతను వేర్వేరు న్యాయవ్యవస్థలు ఎవరికి అప్పగించాయి, ఆ అప్పగింత దివాలా సమయంలో నిలబడిందా? చివరి భాగాన్ని పాత ఆడిటరు గారి సినాప్స్ వివరణ చదివాక చేర్చాను. ఆధార పత్రాల విషయంలో సలహా ఉంటే చెప్పగలరు.

పాత ఆడిటరు

చివరి భాగమే ప్రశ్నకు ప్రాణం. పత్రాల విషయానికొస్తే, దివాలా కోర్టులో ధర్మకర్త దాఖలు చేసే మధ్యంతర నివేదికలు మీకు ముఖ్యం. తుది ఉత్తర్వులో అన్నీ చదును చేసి రాస్తారు, మధ్యంతర నివేదికల్లో ఏ బ్యాంకు ఏ లెక్క ఇవ్వడానికి నిరాకరించిందో కనిపిస్తుంది. వైర్‌కార్డ్ విషయంలో జర్మనీ పార్లమెంటు విచారణ సంఘం నివేదిక 2021లో వచ్చింది, ఐరోపా సెక్యూరిటీల పర్యవేక్షణ సంస్థ 2020 నవంబరులో చేసిన సమీక్ష కూడా ఉంది. రెండోది పొట్టిది, ముందు అదే చదవండి.

ఇంకొకటి. బ్యాంకుకూ యాప్‌కూ మధ్య కుదిరిన అసలు ఒప్పందాలు బయటికి రావు. అవి చేతికందే చోటు ఒకటే: దావా పడినప్పుడు అనుబంధంగా దాఖలు చేసిన ప్రతులు. వాటిలో లెక్కలు సరిపోల్చే క్లాజు ఎక్కడుందో చూడండి, ఆ క్లాజులో గడువు రాశారా లేదా చూడండి. గడువు లేని క్లాజులు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టి ఒక పట్టిక వేసినా అది మీ మొదటి అధ్యాయానికి పనికొస్తుంది.

వాదప్రియ

దావా పడినవాటినే చూస్తే మళ్లీ కూలిపోయినవే దొరుకుతాయి. ఎం-పెసా ట్రస్టు పత్రాన్ని కూడా సంపాదించి ఆ పట్టికలో ఒక వరుసగా చేర్చండి.